జంషెడ్‌పూరు: ఒక ఉక్కు సంస్థ రూపొందిన విధము

ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుయిటీ, ప్రసూతి సెలవు, ఎనిమిది గంటల పని అను మాటలు నేడు ఉద్యోగుల యిండ్లలో ఉప్పు పప్పుల వలె నిత్యవ్యవహారములో నున్నవి. కుమార్తె వివాహమునకు ఫండునుండి ఎంత తీయవచ్చునని లెక్కవేయు తండ్రియు, పదవీవిరమణ పిమ్మట స్వగ్రామమున చిన్న యిల్లు కట్టుకొనదలచి రాబోవు మొత్తమును మనసులో కూడుకొను గుమాస్తాయు, ఈ హక్కులు ఉద్యోగముతోపాటు పుట్టినవే యని తలంతురు. కాని ప్రతి హక్కునకును ఒక జన్మస్థలము, ఒక జన్మదినము కలవు. కొన్ని హక్కులకు రెండేసి జన్మదినములు కలవు. యజమాని దానిని తన యిష్టముచే ఒసగిన దినము మొదటిది; ప్రభుత్వము దానిని శాసనముగా వ్రాసిన దినము రెండవది. ఈ రెండింటి నడుమ ఒక్కొక్కప్పుడు ఒక తరము గడచిపోయినది.

ఈ రెండు దినముల నడిమి చరిత్రను తెలిసికొనుటకు జంషెడ్‌పూరును మించిన పాఠ్యగ్రంథము భారతదేశమున మరియొకటి కానరాదు. ఒక సంస్థ ఎట్లు రూపొందును? యజమాని సంకల్పముచేతనా, శాసనముచేతనా, ప్రభుత్వ విధానముచేతనా? ఈ ప్రశ్నకు అచటి చరిత్ర చెప్పు సమాధానము గమనింపదగినది.

విధానము తెరచిన ద్వారము

జంషెట్జీ నసర్వాన్జీ టాటా (1839–1904) ఉక్కు పరిశ్రమను గూర్చి తలపెట్టినది 1880 దశకమునందే. 1882లో చాందా జిల్లాలోని ఇనుపరాతిని గూర్చి జర్మన్ నిపుణుడొకడు వ్రాసిన నివేదిక ఆయన కంటబడెను. ధనము కలదు, పట్టుదల కలదు, రాయియు భూమిలో కలదు. కాని నాటి గనుల నిబంధనలు అన్వేషకునకు అనుకూలముగ లేకుండెను. కనుక ఆ యాలోచన సుమారు పదునేడేండ్లు అటకెక్కెను. 1899లో కర్జను ప్రభువు కాలమున గనుల అనుమతి నిబంధనలు సడలింపబడిన పిమ్మటనే అది మరల క్రిందికి దిగినది. ఎంతటి సమర్థుని సంకల్పమైనను ఒక నిబంధన వాకిట నిలువవలసి వచ్చుననుటకు ఇది మొదటి నిదర్శనము.

జంషెట్జీ 1904లో జర్మనీలో కన్నుమూసెను. ఆ సంవత్సరమే ప్రమథనాథ బోసు అను భూగర్భ శాస్త్రవేత్త మయూర్‌భంజ్ సంస్థానములోని గోరుమహిసాని కొండలయందు మేలైన ఇనుపరాయి కలదని టాటాలకు తెలిపెను. జంషెట్జీ కుమారుడు దొరాబ్జీ ఈ కార్యమును ముందుకు నడపెను. మూలధనమునకై లండను వర్తకులను ఆశ్రయించినను ఫలము లేకపోయెను. అది స్వదేశీయోద్యమ కాలము. 1907లో బొంబాయిలో వాటాలు అమ్మకమునకు పెట్టగా, మూడు వారములలో సుమారు 8,000 మంది భారతీయులు కావలసిన మూలధనమును సమకూర్చిరి. 1907 ఆగస్టు 26న టాటా ఇనుము ఉక్కు కంపెనీ రిజిస్టరయ్యెను.

సువర్ణరేఖా ఖర్కాయి నదుల సంగమమునకు సమీపముననున్న సక్చీ అను పల్లె కర్మాగారమునకు స్థలముగా నిర్ణయింపబడెను. చేరువనున్న రైలు స్టేషను కాలీమాటి. 1894 నాటి భూసేకరణ చట్టము క్రింద ప్రభుత్వము మొదట సుమారు 3,500 ఎకరముల భూమిని సేకరించి కంపెనీకి ఇచ్చెను. ఏటా 20,000 టన్నుల ఉక్కు పట్టాలను పదేండ్లపాటు దిగుమతి ధరకు కొనుటకు కూడ ప్రభుత్వము అంగీకరించెను. 1911 డిసెంబరు 2న మొదటి ఇనుము, 1912 ఫిబ్రవరి 16న మొదటి ఉక్కు తయారైనవి. మొదటి ప్రపంచయుద్ధమున ఈ కర్మాగారపు పట్టాలు మెసొపొటేమియా రంగమునకు పోయినవి. అందులకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న రాజప్రతినిధి చెమ్స్‌ఫర్డు ప్రభువు ఆ యూరికి వ్యవస్థాపకుని పేర జంషెడ్‌పూరని నామకరణము చేసెను. కాలీమాటి టాటానగరయ్యెను.

ఇట్లు స్వదేశీ సాహసమునకు చిహ్నముగా చెప్పబడు ఈ సంస్థ పుట్టుకయందే గనుల నిబంధన, భూసేకరణ చట్టము, ప్రభుత్వ కొనుగోలు అను మూడు సర్కారు దస్త్రములు కానవచ్చును. దీనివలన వ్యవస్థాపకుల గొప్పతనమునకు లోపమేమియు రాదు. విత్తనము గొప్పదే, కాని నేలయు నీరును వేరొకరి యధీనములో నుండెను.

దానము, హక్కు

1902లో జంషెట్జీ తన కుమారునకు విదేశమునుండి వ్రాసిన లేఖ ప్రసిద్ధమైనది. ఇంకను స్థలమైనను నిర్ణయింపబడని ఆ పట్టణమున వెడల్పైన వీధులు, నీడనిచ్చు చెట్లు, ఆటస్థలములు, ఉద్యానములు ఉండవలెననియు, హిందువుల దేవాలయములకు, మహమ్మదీయుల మసీదులకు, క్రైస్తవుల చర్చీలకు చోటు విడువవలెననియు ఆయన కోరెను. శ్రామికుల సంక్షేమమును గూర్చి ఇంగ్లండులోని సిడ్నీ వెబ్, బియాట్రిస్ వెబ్ దంపతుల వంటి సాంఘిక శాస్త్రజ్ఞుల సలహాలను కూడ కంపెనీ తరువాత తీసికొనెను.

ఆ సంకల్పము మాటలతో ఆగలేదు. కంపెనీ 1912లో ఎనిమిది గంటల పనిదినమును ప్రవేశపెట్టెను. అప్పటికి అమలులోనున్న 1911 నాటి ఫ్యాక్టరీల చట్టము బట్టల మిల్లులలోని పురుషులకు 12 గంటల పరిమితిని మాత్రమే విధించియుండెను. 1922లో అన్ని కర్మాగారములకు రోజునకు 11 గంటలు, 1934లో 10 గంటలు, 1948లో 9 గంటలు, వారమునకు 48 గంటలు అని శాసనము మెట్టు మెట్టుగా దిగివచ్చెను. కంపెనీ ఒక్క అడుగులో నడచిన దూరమును శాసనము ముప్పదియారేండ్లలో నడచినది.

తక్కిన సౌకర్యముల కథయు ఇట్టిదే. వేతనముతో కూడిన సెలవు కంపెనీలో 1920లో వచ్చినది. శాసనములోనికి 1945లో సవరణగా ప్రవేశించినది. ప్రమాద పరిహారము కంపెనీలో 1920, శాసనములో 1923. ప్రావిడెంటు ఫండు కంపెనీలో 1920, శాసనములో 1952. ప్రసూతి సహాయము కంపెనీలో 1928; బొంబాయి రాష్ట్రమున 1929లోనే చట్టమైనను దేశమంతటికి వర్తించు చట్టము వచ్చినది 1961లో. లాభములలో భాగముగా బోనసు కంపెనీలో 1934, శాసనములో 1965. గ్రాట్యుయిటీ కంపెనీలో 1937, శాసనములో 1972.

ఈ పట్టికను చూచినవారు యాజమాన్యమును ప్రశంసింపక మానరు. ఆ ప్రశంస న్యాయమైనదే. అడవి నడుమ కొలిమి రాజేసినవారికి నిలుకడగల పనివారు కావలసియుండిరనియు, ఆ ఎండకును ఆ కొలిమి వేడికిని మనుష్యులు నిలువవలెనన్నచో సౌకర్యములు తప్పవనియు చెప్పవచ్చును. ధర్మబుద్ధియు అవసరమును కలసి పనిచేసిన సందర్భములలో ఏది యెంతయని తూచుట కష్టము. కాని యిచట గమనింపవలసినది వేరొకటి కలదు. యజమాని ఒసగినది ఎంత గొప్పదైనను దాని నియమములు యజమాని చేతిలోనే యుండును. అది ఆ ప్రహరీగోడ లోపలివారికే చెందును. ప్రక్క యూరి మిల్లులోని పనివానికి చెందదు. శాసనము ఆలస్యముగా వచ్చినను గోడను దాటి వచ్చును. దానమునకును హక్కునకును భేదమిదియే.

చేయెత్తి అడిగినవారు

పై పట్టికలో 1920 అను సంవత్సరము మాటిమాటికి వచ్చుట పాఠకులు గమనించియుందురు. అది కాకతాళీయము కాదు. యుద్ధానంతరము ధరలు మండిపోవుచుండగా 1920 ఫిబ్రవరి చివర జంషెడ్‌పూరులో పెద్ద సమ్మె ఆరంభమయ్యెను. మార్చి నెలలో కాల్పులు జరిగి కొందరు కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. ఆ సమ్మె దినములలోనే జంషెడ్‌పూర్ లేబర్ అసోసియేషన్ పుట్టెను. యజమాని ఔదార్యము, సాంఘిక శాస్త్రజ్ఞుల సలహా, కార్మికుల సమ్మె అను మూడు పాయలు ఆ సంవత్సరమున ఒక్కచోట కలిసినవి.

ఈ కార్మికులలో తెలుగువారు తొలినాళ్లనుండియు కలరు. బెంగాల్ నాగపూర్ రైల్వే వాల్తేరు, శ్రీకాకుళము ప్రాంతములను ఖర్గపూరుతోను, ఖర్గపూరును కాలీమాటితోను కలిపెను. కరవు వచ్చిన యేట రైలెక్కిన ఉత్తరాంధ్ర రైతుకూలీకి ఆ మార్గము కొలిమి ముంగిట దించెను. వచ్చినవారు తమ దేవుని తోడ్కొని వచ్చిరి. బిష్టుపురములోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరము నేటికిని అందులకు సాక్షి. కర్మాగారములో బిహారీ, బెంగాలీ, ఒరియా, పంజాబీ, తెలుగు, ఆదివాసి శ్రామికులు ఒకే షిఫ్టులో పనిచేసిరి. ఆ షిఫ్టే వారికి ఉమ్మడి భాష నేర్పెను.

1922లో మరల సమ్మె జరిగెను. యూనియనును గుర్తించుటకు యాజమాన్యము చాలకాలము ఇష్టపడలేదు. సి. ఎఫ్. ఆండ్రూసు మధ్యవర్తిత్వము వహించెను. 1925 ఆగస్టులో గాంధీజీ జంషెడ్‌పూరు వచ్చినపుడు రాజీ కుదిరి, యూనియను గుర్తింపు పొందెను. యూనియను చందాను జీతమునుండి మినహాయించి ఇచ్చుటకు కూడ కంపెనీ అంగీకరించెను. అప్పటికి ట్రేడ్ యూనియన్ల చట్టము పుట్టలేదు. అది 1926లో ఆమోదింపబడెను. ఇచట శాసనమునకు ముందే ఆచారము వచ్చినది. అయితే ఈ పర్యాయము దానిని ముందు నడపినది కార్మికులే.

ఢిల్లీలో వ్రాసినది, కొలిమి దగ్గర అనుభవించినది

ప్రభుత్వ విధానము సంస్థ యొక్క అంతరంగమును ఎట్లు మార్చునో తెలుపు ఉదాహరణము 1924–28 నాటి చరిత్ర. యుద్ధానంతరము విదేశీ ఉక్కు చౌకగా వచ్చిపడెను. విస్తరణకై అప్పులు చేసిన కంపెనీ మునిగిపోవు స్థితికి వచ్చెను. 1924లో జీతములు చెల్లించుటకే రొక్కము కరవయ్యెను. దొరాబ్జీ టాటా తన సొంత ఆస్తిని, తన భార్య ధరించు జూబిలీ వజ్రముతో సహా, ఇంపీరియల్ బ్యాంకులో తాకట్టుపెట్టి సుమారు కోటి రూపాయలు అప్పు తెచ్చెను. యజమాని త్యాగమునకు ఇంతకు మించిన నిదర్శనము ఉండదు. కాని ఆ వజ్రము కొంతకాలమునకే చాలును. కంపెనీని నిలువబెట్టినది టారిఫ్ బోర్డు సిఫార్సుపై 1924లో కేంద్ర శాసనసభ ఆమోదించిన ఉక్కు పరిశ్రమ రక్షణ చట్టము. విదేశీ ఉక్కుపై సుంకము, స్వదేశీ పట్టాలకు సహాయధనము మూడేండ్ల గడువుతో ఏర్పాటయ్యెను.

ఆ చర్చలలో కార్మిక ప్రతినిధి ఎన్. ఎం. జోషీ వంటివారు ఒక న్యాయమైన ప్రశ్న వేసిరి. దేశప్రజలు అధిక ధర చెల్లించి పరిశ్రమను కాపాడునపుడు, ఆ రక్షణ వాటాదారునకు మాత్రమేనా, పనివానికి కూడనా? సుంకము చట్టములోనికి ఎక్కినది; పనివాని సంగతి ఎక్కలేదు. గడువు తీరి 1926–27లో మరల విచారణ జరిగినపుడు, రక్షణ కొనసాగవలెనన్నచో ఉత్పత్తి వ్యయము తగ్గవలెననియు, పనివారి సంఖ్య ఎక్కువగా నున్నదనియు అభిప్రాయము బలపడెను. యాజమాన్యము సంఖ్యను తగ్గింపబూనెను. 1928లో సమ్మెయు, దానివెంట లాకౌటును వచ్చినవి. నెలలకొలది కొలిమి చల్లబడెను, పొయ్యిలును చల్లబడెను. సుభాస్ చంద్ర బోసు వచ్చి సంప్రదింపులు జరుపగా సెప్టెంబరులో రాజీ కుదిరెను. అయినను కార్మికులలో అసంతృప్తి మిగిలి, యూనియను రెండుగా చీలెను.

ఢిల్లీలో ఒక నివేదికయందు వ్రాయబడిన ఖర్చు తగ్గింపు అను మాట జంషెడ్‌పూరు చేరునప్పటికి ఒక కుటుంబము యొక్క జీవనాధారమైనది. విధానమును వ్రాయువారికిని, దానిని అనుభవించువారికిని నడుమ దూరము ఎంత యెక్కువైన, ఈ సత్యము అంత సులభముగా మరుగుపడును. దస్త్రములపై సంతకములు చేయు ఉద్యోగివర్గము ఈ ఘట్టమును ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది.

గిరి మార్గము

సరిగా ఆ యేండ్లలోనే అదే రైలు మార్గముపై మరియొక చరిత్ర నడచుచుండెను. 1927లో ఖర్గపూరు రైల్వే వర్క్‌షాపులో ఉద్యోగుల తగ్గింపునకు వ్యతిరేకముగా బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులు సమ్మె చేసిరి. వారి యూనియనుకు నాయకుడు బరంపురమున 1894లో జన్మించి, ఐర్లండులో న్యాయశాస్త్రము చదివి వచ్చిన వరాహగిరి వేంకటగిరి. భారత కార్మిక నీతిపై చెరగని ముద్రవేసిన తెలుగువారిలో ఆయనయే ప్రథముడు.

గిరి కార్మికుల పక్షమున వేదిక యెక్కినవాడు, 1937లో మద్రాసు ప్రభుత్వమున కార్మిక పరిశ్రమల మంత్రిగా ఆసనమెక్కినవాడు, 1952లో కేంద్ర కార్మిక మంత్రియైనవాడు. బల్లకు రెండు ప్రక్కలను కూర్చున్న అనుభవము ఆయనకు ఒక నమ్మకమును కలిగించెను. యజమానియు కార్మికులును తమ తగవును తామే కూర్చుండి పరిష్కరించుకొనవలెను, ప్రభుత్వము నిర్బంధముగా ట్రిబ్యునలునకు పంపుట అలవాటైనచో ఇరుపక్షములును బలహీనములగును, వకీళ్లు బలపడుదురు. ఇదియే గిరి మార్గమని పేరొందెను. 1947 నాటి పారిశ్రామిక వివాదముల చట్టము ట్రిబ్యునలు మార్గమును విశాలము చేసియుండుటచే, అటు యజమానులలోను ఇటు యూనియన్లలోను ఆయన మాటకు పూర్ణమైన మద్దతు లభించలేదు.

1954లో ఒక విచిత్రము జరిగెను. బ్యాంకు ఉద్యోగుల జీతములపై అప్పిలేటు ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వము సవరించెను. ట్రిబ్యునలులపై మక్కువలేని గిరియే ఆ సవరణకు నిరసనగా మంత్రిపదవిని వదలుకొనెను. ఇందు వైరుధ్యము లేదు. తగవు తీర్చుటకు ట్రిబ్యునలు ఉత్తమ మార్గము కాదనుట వేరు. తీర్పు వచ్చిన పిమ్మట బలవంతుడు దానిని మార్చుట వేరు. మాట నిలుపుకొనుటయే శాసనమునకు ప్రాణమని ఆ రాజీనామా చాటెను.

1956 నాటి ఒడంబడిక

గిరి పదవి వదలిన రెండేండ్లలోపున, 1956 జనవరిలో, జంషెడ్‌పూరులో టాటా కంపెనీయు టాటా వర్కర్స్ యూనియనును ఒక ఒడంబడిక చేసికొనిరి. అప్పుడు యూనియను అధ్యక్షుడు మైకేల్ జాన్. కంపెనీ అధ్యక్షుడు జె. ఆర్. డి. టాటా. కర్మాగారమును విస్తరించుటకు కొత్త యంత్రములు రావలసియుండెను. కొత్త యంత్రమనగానే 1928 నాటి భయము కార్మికుల మనసులో మెదలుట సహజము. పని పద్ధతులను, పనివారి సంఖ్యను నిర్ణయించు అధికారమును యూనియను ఒప్పుకొనెను; ఉన్న పనివారిని తొలగించబోమని కంపెనీ మాట యిచ్చెను.

అంతకంటె ముఖ్యమైనది సంయుక్త సంప్రదింపుల ఏర్పాటు. శాఖలవారీగా సంయుక్త మండలులు, వాటిపై కర్మాగారమంతటికిని ఒక మండలి, అన్నిటిపై యాజమాన్యముతో సంప్రదింపు మండలి అని మూడంతస్తులుగా దానిని నిర్మించిరి. ఉత్పత్తి, వృథా నివారణ, భద్రత, సంక్షేమము వంటి విషయములపై పనివాడును అధికారియు ఒకే బల్లయొద్ద కూర్చుండిరి. 1947 నాటి చట్టము కూడ వంద మందికి పైబడిన సంస్థలయందు వర్క్స్ కమిటీలను విధింపవచ్చునని చెప్పియున్నది. కాని అనేకచోట్ల అవి కాగితముపై పుట్టి కాగితముపైననే నిలిచినవి. శాసనము బల్లను వేయగలదు. బల్లయొద్ద మనసిచ్చి మాటలాడునట్లు చేయలేదు. జంషెడ్‌పూరులో ముప్పదియారేండ్ల పోరాటములును, రాజీలును, పశ్చాత్తాపములును ఆ బల్లకు కాళ్లయినవి.

ఆ ఒడంబడికతో తగవులన్నియు మాసిపోయెనని చెప్పరాదు. 1958 మే నెలలో గుర్తింపులేని మరియొక యూనియను నాయకత్వమున సమ్మెయు, అశాంతియు చెలరేగినవి. ఏ యూనియను ఎవరి పక్షమున మాటలాడును అను ప్రశ్న నేటికిని ఎల్ల సంస్థలయందును కలదు. కాని ఒడంబడిక యొక్క బలము 1979లో తెలిసినది. పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్ ఆ కంపెనీని జాతీయము చేయవలెనని ప్రతిపాదించినపుడు, దానిని వ్యతిరేకించినవారిలో ఆ కంపెనీ కార్మికుల యూనియనే ముందు నిలిచెను.

కేంద్రప్రభుత్వోద్యోగులకు ఈ విషయము పరాయిది కాదు. 1960 జులైలో జరిగిన కేంద్రోద్యోగుల సమ్మె తరువాత, 1966లో సంయుక్త సంప్రదింపుల వ్యవస్థ ఏర్పడెను. జాతీయ మండలి, శాఖా మండలులు, జీతభత్యములు, పనిగంటలు, సెలవులపై రాజీ కుదరనిచో మధ్యవర్తి తీర్పు అను పద్ధతి అందులో కలదు. యజమాని ప్రభుత్వమే యైనను, శాసనము తన చేతిలోనే యున్నను, బల్లయొద్ద కూర్చొనక తప్పదని ప్రభుత్వమును గ్రహించినది.

ప్రహరీగోడ వెలుపల

ఇంతవరకు చెప్పినది గోడ లోపలి కథ. న్యాయముగా చెప్పవలెనన్నచో వెలుపలివారిని గూర్చియు చెప్పవలెను.

మొదటివారు ఆ నేల యొక్క పూర్వపు హక్కుదారులు. సక్చీ ప్రాంతపు పల్లెలలోని సంతాలులు, హోలు, భూమిజులు 1894 నాటి చట్టము క్రింద భూములు కోల్పోయిరి. ఆ చట్టము పరిహారమును ఎరుగును, పునరావాసమును ఎరుగదు. పునరావాసమును హక్కుగా గుర్తించిన చట్టము 2013లో వచ్చినది. ఈ సందర్భమున రెండు జన్మదినముల నడుమ గడచినది నూట ఇరువది యేండ్లకు కొంచెమే తక్కువ.

రెండవవారు ఆ పట్టణపు పౌరులు. 1924లో నోటిఫైడ్ ఏరియా కమిటీ ఏర్పడినను, నీరు, విద్యుత్తు, రోడ్లు ముఖ్యముగా కంపెనీయే చూచుకొనెను. వాటి నిర్వహణకై 2003లో ప్రత్యేక సంస్థయు ఏర్పడెను. జమీందారీ రద్దు చట్టము పిమ్మట ఆ భూమిపై కంపెనీ హక్కు కౌలుగా మారెను. 1985లో వ్రాసికొనిన కౌలు 1956నుండి వర్తించునట్లుగాను, 2005లో దాని పునరుద్ధరణ 2025 ముగియువరకును జరిగినవి. కుళాయిలో నీరు వచ్చుట ఒక మేలు. ఆ కుళాయిని గూర్చి ఓటు వేయగలుగుట వేరొక మేలు. 1992 నాటి రాజ్యాంగ సవరణ పారిశ్రామిక పట్టణములకు ఎన్నికైన పురపాలకసంఘము లేకుండవచ్చునని మినహాయింపు నిచ్చినది. ఈ రెండు మేళ్లలో ఏది ముందు అను వాదము ఆ పట్టణమున దశాబ్దములుగా నడచినది.

మూడవవారు కాంట్రాక్టు కూలీలు. కంపెనీ రిజిస్టరులో పేరు లేక, కాంట్రాక్టరు పుస్తకములో మాత్రమే పేరుండి, అదే ఎండలో పనిచేయు కూలీలును రేజాలును ప్రతి ఉక్కు పట్టణమున కలరు. 1970లో కాంట్రాక్టు కార్మికుల క్రమబద్ధీకరణ, రద్దు చట్టము వచ్చెను. ఒక పనిలో కాంట్రాక్టు పద్ధతిని ప్రభుత్వము నిషేధించినచో, ఆ పనివారు తమంత తామే సంస్థ ఉద్యోగులగుదురా అను ప్రశ్న మిగిలెను. అగుదురని 1996లో సుప్రీంకోర్టు చెప్పెను. కారని 2001లో, ప్రభుత్వరంగ ఉక్కు సంస్థకు సంబంధించిన వ్యాజ్యమున, రాజ్యాంగ ధర్మాసనము చెప్పెను. 1991 తరువాత ఆర్థిక విధానము మారి, పోటీ పెరిగి, టాటా కంపెనీలో 70,000కు పైగా నుండిన ఉద్యోగుల సంఖ్య 2005 నాటికి 40,000కు లోపయ్యెను. స్వచ్ఛంద విరమణ పథకములు తొలగింపు బాధను తగ్గించినవి. కాని తండ్రి పనిచేసిన గేటున కుమారుడు కాంట్రాక్టు పాసుతో ప్రవేశించుట అన్ని ఉక్కు పట్టణములలో సాధారణ దృశ్యమైనది.

విశాఖపట్నములోని ఉక్కు కర్మాగారము చరిత్రయు ఈ పాఠమునే వేరొక వైపునుండి చెప్పుచున్నది. అది ఒక వ్యాపారి సంకల్పమున పుట్టలేదు. 1966 నాటి ప్రజాందోళనమునుండి, ముప్పది మందికి పైగా అర్పించిన ప్రాణములనుండి, ప్రభుత్వ విధానముగా పుట్టినది. 2021లో దాని ప్రైవేటీకరణకు కేంద్రము సూత్రప్రాయముగా అంగీకరించినపుడు, విధానము ఇచ్చినది విధానముచేతనే పోవచ్చునని ఆంధ్రదేశము గ్రహించెను. యజమాని దానమువలెనే ప్రభుత్వ వరమునకును కాపలా అవసరము.

రెండు సంతకములు

పై చరిత్రలో రెండు చట్టములు మరల చెప్పదగినవి. కాంట్రాక్టు కార్మికుల చట్టమునకు 1970 సెప్టెంబరులోను, గ్రాట్యుయిటీ చట్టమునకు 1972 ఆగస్టులోను రాష్ట్రపతి ఆమోదము లభించెను. ఆ రెండు సమయములందును రాష్ట్రపతి పీఠమున నున్నవాడు వి. వి. గిరి. రాష్ట్రపతి సంతకము రాజ్యాంగ విధియే గాని సొంత నిర్ణయము కాదు. అయినను 1927లో ఖర్గపూరు పనివారి ఉద్యోగములకై నిలిచిన మనుష్యుని చేతిమీదుగా ఆ రెండు కాగితములు సాగిపోవుట చరిత్రకు తగిన ముగింపువలె తోచును. జంషెడ్‌పూరులో 1937లో యజమాని యిచ్చిన గ్రాట్యుయిటీ ముప్పదియైదేండ్లకు దేశపు హక్కయ్యెను.

కాని అది ముగింపు కాదు. ఈ చట్టములన్నియు తరువాత కొత్త కార్మిక స్మృతులలో విలీనమైనవి. 2019, 2020 సంవత్సరములలో పార్లమెంటు ఇరువదితొమ్మిది కేంద్ర చట్టములను నాలుగు స్మృతులుగా కూర్చెను. అవి 2025 నవంబరు 21నుండి అమలులోనికి వచ్చినవి. పేర్లు మారినవి, సెక్షనుల సంఖ్యలు మారినవి. మారని ప్రశ్న ఒక్కటి కలదు: ఈ మాట గోడ లోపలివానికి మాత్రమేనా, గేటువద్ద తాత్కాలికపు పాసు చూపువానికి కూడనా?

యాజమాన్యము మేలును ఆరంభింపగలదు. ప్రభుత్వ విధానము దానికి ద్వారమును తెరువగలదు, మూయగలదు. శాసనము దానిని గోడ దాటించి అందరిదిగా చేయగలదు. కాని జంషెడ్‌పూరు చరిత్రలో ఈ మూడింటిని ఒకదానికొకటి కలిపినవారు, తమ కష్టమును నోరు తెరచి చెప్పిన పనివారును, ఆ మాటను చెవినిడిన కొందరు అధికారులును. ఆ మాట వినబడని చోట మూడును ఎవరి దారిన అవి నడచినవి. ప్రతినెల జీతపు చీటీలో ప్రావిడెంటు ఫండు మినహాయింపును చూచునపుడు, ఆ చిన్న అంకె వెనుక 1920 నాటి సమ్మెలో పొయ్యి వెలిగించుకొనలేకపోయిన యిండ్లు కలవని పిల్లలకు చెప్పుట పెద్దల కర్తవ్యము. కార్యాలయమున తన బల్లమీదికి వచ్చు దస్త్రములో ఖర్చు తగ్గింపు అను మాట కనబడినపుడు, ఆ మాట చేరబోవు యింటిని ఒక్క నిమిషము తలచుకొనుట ఉద్యోగి కర్తవ్యము.